ఘాటు దళంలో ఐదో మనిషి

పర్చూరు,
10 ఫిబ్రవరి 2002.

మామయ్యకు,

వందనాలు. మర్యాద ఈ ఒక్క మాటతో సరి. మిగతా ఉత్తరంలో దాన్ని వెతకొద్దు.

మొన్న శనివారం టీచర్ల ట్రైనింగుకని గుంటూరు వచ్చాను. పెదకాకాని పక్కనే కదా, ఇంటికి రాకుండా పోయిందేమని అత్తయ్య నొచ్చుకుంటుంది. రాకపోవడమే మంచిదైంది. వచ్చి ఉంటే మీ గుమ్మంలో నిలబడి వీధంతా వినేలా అరిచేదాన్ని.

మధ్యాహ్నం భోజనాల వేళ అందరూ క్యారేజీలు విప్పుకుంటుంటే నేను ఎప్పటిలాగే సిలార్ పాత కాగితాల కొట్టుకి వెళ్ళాను. "టీచరమ్మా, ఈసారి నీ పంట పండింది" అని ఒక కట్ట తీసి ముందు పడేశాడు. పైనే ఉంది. ఘాటు దళం, ఒకటో సంచిక, జూన్ 1979. ఇరవై ఏళ్ళుగా వెతుకుతున్న బొమ్మల కథల పుస్తకం మామయ్యా! రెండు నుంచి పదహారు దాకా పదిహేను సంచికలూ ట్రంకుపెట్టెలో వేపాకు వేసి దాచుకున్నాను. ఒకటోది మాత్రం ఎక్కడా దొరకలేదు. బొమ్మలు వేసినవాడివి నువ్వే కదా అని అడిగితే "నా కాపీ చెదలు తినేసింది" అన్నావు. ఎన్నిసార్లు అన్నావో లెక్కలేదు.

దళం ఎలా పుట్టిందో తెలుసుకోవాలని చిన్నప్పుడు నాకు నిద్ర పట్టేది కాదు. బస్తాల భీమన్నకి అంత బలం ఎక్కడిది? కాటా కోటయ్య భుజం మీద చెయ్యి వేస్తే అబద్ధం బరువు ఎలా తెలుస్తుంది? తుమ్ముల తిరపతి తుమ్మితే గోడలెందుకు కూలతాయి? లారీ లాజరు పొగలోంచి ఎలా చూస్తాడు? అంతా ఇందులోనే ఉంది. మిరపకాయల గోడౌను తగలబడింది, కూలీలు లోపల చిక్కుకున్నారు, ఆ ఘాటు పీల్చి బతికి బయటికొచ్చినవాళ్ళే దళం. ఆ కొట్లోనే కింద కూర్చుని చదివాను.

బయటికొచ్చింది నలుగురు కాదు, ఐదుగురు.

ఐదో మనిషి ఆడమనిషి. పేరు మంట. తొడిమలు తీసే కూలీ. చీర మీద మగవాళ్ళ ఫుల్ హ్యాండ్స్ చొక్కా, కళ్ళు తప్ప మొహమంతా తుండుగుడ్డ, నోట మాట లేదు. అరచేతులతో పట్టుకుంటే ఇనుప తాళం కూడా కరిగిపోతుంది. ఆ నలుగురినీ బయటికి లాక్కొచ్చిందే ఆమె. పుస్తకమంతా నలుపులో ఉంటే ఆమె ఒక్కతే ఎరుపులో ఉంది. చొక్కా జేబు మీద చారల గుడ్డతో అతుకు వేసి ఉంది. చచ్చిపోయిన మా నాన్న చొక్కాకి ఆ అతుకు ఎవరు వేశారో నాకు తెలుసు, నీకూ తెలుసు. అది మా అమ్మ.

ఇంటికొచ్చి రెండో సంచిక తీశాను. అట్ట మీదే "నలుగురు వీరుల సాహసాలు" అని ఉంది. మూడు, నాలుగు, పదహారు, దేంట్లోనూ అమ్మ లేదు. కథలో మంట చచ్చిపోయిందో, ఎటు పోయిందో ఒక్క ముక్క లేదు. దళం ఉండే పాకలో మాత్రం రెండో సంచిక నుంచి నురగ పొంగే కుండ ఒకటి పెట్టావు. నువ్వు అప్పట్లో ఏ కుండ చుట్టూ తిరిగేవాడివో నాకు గుర్తుంది. సొంత చెల్లెల్ని తీసేసి ఆ చోట కల్లు కుండ పెట్టుకున్నావన్నమాట!

ఘాటు దళం అచ్చేసిన ప్రెస్సు బుల్లయ్య గారి అబ్బాయి చైతన్యకృష్ణ ఈ సంచికలన్నీ కలిపి బైండు పుస్తకం వేస్తున్నాడట, ఒకటో సంచిక ఎవరి దగ్గరైనా ఉంటే ఇవ్వమని కాగితాలు పంచుతున్నాడు. సంచికల మీద ఉన్నట్టే వాటి మీద కూడా "రచన: బుల్లయ్య" అని ఉంది. నా కాపీ ఇవ్వను. నువ్వు జవాబు చెప్పేదాకా ఎవరికీ ఇవ్వను.

ఫెబా

*

పెదకాకాని,
17 ఫిబ్రవరి 2002.

ఫెబా టీచరు గారికి,

మీ మామ ఇమ్మానియేలు రాయునది. మీ ఉత్తరం చేరింది. అత్తయ్యకి చదివి వినిపించబోయి నాలుగో లైను దగ్గర ఆపేశాను. ఆమె ఇంకా నీకు పండుమిరప పచ్చడి జాడీ కట్టి పెట్టింది. పంపొద్దని నేనే అన్నాను.

అక్షరాలు నేర్పింది నేను. ప్రెస్సులో పాడైన సీసపు అక్షరాలు జేబులో వేసుకొచ్చి, నీ ముందు పోసి, "ఇది ఫ, దీనికి ఎత్వం" అని నీ పేరు నీచేత కూర్పించింది నేను. ఆ చదువుతో ఇవాళ నన్ను తాగుబోతు అని రాశావు. బాగుంది. నేను మానేసి ఇరవయ్యొక్కేళ్ళయింది. ఆ సంగతి ఊరంతా మర్చిపోయింది, నువ్వు తప్ప.

నీకు చెప్పాల్సిన జవాబు నా దగ్గర లేదు. రెండు మాటలు మాత్రం విను. ఒకటి, ఆ కాపీ చైతన్యకృష్ణకి ఇవ్వు. నేనతనికి మాటిచ్చాను. రెండు, ఈ సంగతి మీ అమ్మ దగ్గర ఎత్తకు. జయ మనసు కష్టపెట్టావంటే నీ ఉత్తరం కూడా ముట్టుకోను.

మిర్చి యార్డుకి సరుకు వచ్చిపడుతోంది. రోడ్డు మీద నడిచినా తుమ్ములే. మోకాలు నొప్పి తగ్గలేదు, అడగలేదు గానీ చెబుతున్నాను.

ఇమ్మానియేలు

*

పర్చూరు,
26 ఫిబ్రవరి 2002.

మామయ్యకు,

జవాబు లేదని రాయడానికి ఇన్‌లాండ్ కవరు దండగ చేసుకున్నావు. మోకాలు గురించి అడుగుతున్నాను, ఎలా ఉంది? అడగడం అయింది. ఇప్పుడు విను.

నీ ఉత్తరం చూశాక ఒళ్ళు మండి రెండు రోజులు బళ్ళో పిల్లల మీద అరిచాను. పరీక్ష కాగితాలు దిద్దుతుంటే ఎర్ర పెన్ను పాళీ విరిగింది. ఎందుకో తెలుసా? తుమ్ముల తిరపతి కథ నాకు ముందే తెలుసని గుర్తొచ్చింది. ఆ పుస్తకం అచ్చు కాకముందే అమ్మ నాకు తల దువ్వుతూ చెప్పింది. కాటాలో మోసం చేసే షావుకారు భుజం మీద కోటయ్య చెయ్యి వేసిన కథ కూడా అమ్మదే. నువ్వు గీశావు, బుల్లయ్య గారు పేరు వేసుకున్నారు, అసలు చెప్పినమనిషి పేరు ఎక్కడా లేదు. ఉన్న ఒక్క బొమ్మ కూడా రెండో నెలలోనే చెరిపేశావు.

ఆ నెలల్లోనే నీ పెళ్ళి కుదిరింది కదూ? జక్రయ్య మాస్టారి అల్లుడివి అవుతున్నావు. చెల్లెలు యార్డులో తొడిమలు తీస్తుందని ఆ ఇంట్లో తెలియకూడదని అనుకున్నావు. ఇదే కారణం అని ఒప్పుకో, కనీసం నిజం చెప్పినవాడివి అవుతావు.

అమ్మ దగ్గర ఎత్తొద్దన్నావు. ఎత్తాను. "అమ్మా, ఘాటు దళం గుర్తుందా?" అన్నాను. అంతే. చేటలో బియ్యం ఏరుతున్నదల్లా లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. సాయంత్రం దాకా నా మొహం చూడలేదు. నువ్వు చేసిన గాయం ఇరవై మూడేళ్ళయినా మానలేదు.

చైతన్యకృష్ణ సభ పెట్టి పుస్తకం విడుదల చేస్తాడట. ఆ సభకి వస్తాను. ఒకటో సంచిక చేత్తో పట్టుకుని, అందరి ముందూ లేచి, ఈ కథ ఎవరిదో చెబుతాను. నీ పేరు కూడా చెబుతాను, కల్లు కుండతో సహా.

ఫెబా

*

పెదకాకాని,
8 మార్చి 2002.

ఫెబా,

కూర్చుని చదువు. ఈ ఉత్తరం రాయడానికి నాలుగు రోజులు పట్టింది. చించిన కాగితాలు అత్తయ్య పొయ్యిలో పెట్టింది.

అది కల్లు కుండ కాదే. పొంగేది నురగ కాదు, ఆవిరి. మీ అమ్మ యార్డు నుంచి రాగానే ఏం చేసేదో గుర్తు తెచ్చుకో. నువ్వు అన్నం పెట్టమని ఏడ్చినా ముందు ఎక్కడ కూర్చునేది? ఇసకలో పెట్టిన మంచినీళ్ళ కుండ దగ్గర కూలబడి, రెండు అరచేతులూ ఆ చల్లటి కుండకి ఆనించి, కళ్ళు మూసుకునేది. కొబ్బరినూనె రాసినా, మజ్జిగ పోసినా చల్లారని మంట ఆ తడి కుండకే చల్లారేది. ఆ చేతుల వేడికి కుండలోంచి ఆవిరి వచ్చినట్టు గీశాను. రెండో సంచికలో మీ అమ్మ ఆ కుండ దగ్గరే కూర్చుని ఉంది. మూడులో ఉంది. పదహారులోనూ ఉంది. నీకు కనిపించదు, ఎందుకంటే ఆమెని నేను ఎరుపులో గీశాను.

ప్రెస్సు పని నీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. నలుపుకి ఒక బ్లాకు, ఎరుపుకి ఇంకో బ్లాకు. కాగితం రెండుసార్లు మిషను ఎక్కాలి. మంట ఒక్కతే ఎర్రగా ఉంటే పిల్లల కళ్ళు ఆమె మీదే నిలుస్తాయని నా ఆలోచన. మీ అమ్మ ఆ పుస్తకం చూసి యార్డులో అమీర్‌బీకి, జానీబీకి, తొడిమలు తీసే ఆడవాళ్ళందరికీ చూపించింది. చేతులు మారీ మారీ నా దగ్గరున్న ఆ ఒక్క కాపీ నలిగి చిరిగిపోయింది. రెండో సంచికకి బుల్లయ్య గారు "రెండో రంగు దండగ రా ఇమ్మానియేలూ, నలుపొక్కటే వెయ్యి" అన్నారు. ఎరుపు బ్లాకు ఆగింది. అందులో ఉన్న మనిషీ ఆగిపోయింది. "ఐదుగురు" ఉన్నచోట "నలుగురు" అని మార్చమన్నారు. ఆ మాట ఈ చేత్తోనే కూర్చాను. పెళ్ళి దగ్గర పడింది, ఉద్యోగం పోతుందని భయం. నువ్వు రాసిన దాంట్లో సిగ్గు అబద్ధం, పెళ్ళి నిజం.

కానీ నేను ఆమె చోటు పూడ్చలేదు. వచ్చే నెల ఎరుపు వేస్తారని, ఆ వచ్చే నెల వేస్తారని ప్రతి సంచికలోనూ ఆమె నిలబడేచోటు ఖాళీగా వదిలాను. ఎరుపు బొమ్మ, కిందది కనిపించే పల్చటి బటర్ పేపర్ మీద గీసి పక్కన పెట్టాను. పదిహేను సంచికలకీ గీశాను. ఎవరూ అడగకపోయినా గీశాను. తర్వాతి సంచికల్లో కరిగిన తాళం చూశావు, కరిగించిన చెయ్యి చూడలేదు. ఆ తాళం తుమ్ముకి ఊడిందని రాయించింది బుల్లయ్య గారు. ఆ కాగితాలు రేపు బస్సు పార్సిల్‌లో వేస్తున్నాను. నీ పుస్తకాల మీద పరిచి చూసుకో.

కాపీ ఎందుకు ఇవ్వమన్నానో కూడా విను. ఒకటో సంచిక దొరికితే అదొక్కటైనా రెండు రంగుల్లో వేస్తానని చైతన్యకృష్ణ అన్నాడు. చచ్చేలోపు నా చెల్లెల్ని ఒక్కసారి అచ్చులో చూసుకోవాలనుకున్నాను. చెదలు తిన్నదని అబద్ధం ఎందుకాడానంటే, యార్డులో చిరిగిందంటే అందులో ఎవరున్నారని అడుగుతావు, ఆపైన రెండు గురించి అడుగుతావు, ఆ ప్రశ్నకి నేను తట్టుకోలేను.

ఇక చివరి మాట. మీ అమ్మ నీ ముందు నుంచి లేచిపోయింది నా గాయం వల్లనా? జయ ప్రతి నెలా అడిగేది, "అన్నయ్యా, ఇందులో నేనున్నానా?" అని. ఉన్నావమ్మా అనేవాడిని. రెండో సంచిక వచ్చిన రోజు, నువ్వు హాస్టలు నుంచి వచ్చి గడప మీద కూర్చుని చదువుతున్నావు. పనిలోంచి వచ్చిన మీ అమ్మ చూద్దామని చెయ్యి చాపింది. నువ్వేమన్నావు? "ముట్టుకోకు, నీ నూనె చేతులు! పుస్తకం పాడైపోతుంది" అని అరిచావు. చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ తర్వాత నీ పుస్తకాల జోలికి ఎన్నడూ రాలేదు.

ఆ రోజు నిన్ను కొట్టాల్సింది. కొట్టలేదు. జయ చూడకుండా పోయింది కదా అని నాకు ఊపిరొచ్చింది. అది నా తప్పు. దాన్ని ఎన్ని ఉత్తరాల్లో తిట్టినా పడతాను. కుండని మాత్రం ఏమీ అనకు.

మీ మామ

*

పర్చూరు,
20 మార్చి 2002.

మామయ్యా,

పార్సిల్ చేరింది. అమ్మ ప్రార్థన కూడికకి వెళ్ళినప్పుడు తలుపు వేసుకుని తీశాను. ఏడో సంచిక, భీమన్న బావిలో పడే పేజీ గుర్తుందా? తాడు పట్టుకునేవాళ్ళు ఎవరూ లేకుండానే పైకొస్తాడు. మామయ్యకి బొమ్మలు వెయ్యడం రాదని నా హాస్టలు నేస్తాలకి చూపించి నవ్వేదాన్ని. నీ బటర్ పేపర్ దాని మీద పెట్టాను. గట్టు మీద అమ్మ. తాడు లాగుతోంది. నాన్న చొక్కా చేతులు మడిచి ఉంది. పదిహేను పుస్తకాలూ అలాగే చూశాను.

నిన్ను అన్న మాటలకి క్షమించమని అడగను, అడిగితే నువ్వు ఇంకో ఉత్తరం నిండా తిడతావు. అబద్ధమాడినందుకు కోపం అలాగే ఉంది. కానీ ఇప్పుడు నా మీద నాకున్న కోపం ముందు అది చిన్నది. ఆ మాట నేనన్నది నిజమే. నాకు గుర్తుంది. గుర్తుండీ ఇన్నేళ్ళు దాన్ని పుస్తకాల మీది శ్రద్ధ అనుకున్నాను. వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పుకునేదాన్ని, ఒక్క మరక లేకుండా దాచానని.

చైతన్యకృష్ణకి ఉత్తరం రాశాను. పదహారు సంచికలూ ఎరుపుతో వెయ్యాలి, రచన దగ్గర మేకల జయకుమారి అని ఉండాలి, అప్పుడే ఒకటో సంచిక ఇస్తానని. వెంటనే జవాబిచ్చాడు. "మేడమ్, ఒకటో సంచికకి ఓకే. మిగతా వాటికి రెండో రంగు అనవసరం. కూలీలు చెప్పుకున్న కబుర్లకి రచన అని వెయ్యలేం" అన్నాడు. తండ్రి మాట అచ్చుగుద్దినట్టు వచ్చింది.

అమ్మకి చూపించలేదు. భయంగా ఉంది.

ఫెబా

*

పెదకాకాని,
29 మార్చి 2002.

అమ్మడూ,

నిన్న ఆటో ఎక్కి చైతన్యకృష్ణ ఆఫీసుకి వెళ్ళాను. "కబుర్లు అన్నావట, ఏ కబుర్లు?" అన్నాను. "తాతగారూ, కూర్చోండి, కూల్‌డ్రింక్ తాగండి" అన్నాడు. తాగలేదు. నీ దగ్గరున్న పాత సంచికలు నువ్వు వేసుకో, ఒకటోది మాత్రం రాదు, నా బటర్ పేపర్లూ రావు, సభలో నాకు కప్పే శాలువా నువ్వే కప్పుకో అని చెప్పి వచ్చేశాను. ఇరవై మూడేళ్ళ క్రితం ఆ తండ్రితో అనాల్సిన మాటలు కొడుకుతో అన్నాను. ఆలస్యమైంది.

కాబట్టి అతని పుస్తకం రెండో సంచికతో మొదలవుతుంది. దళం ఎలా పుట్టిందో ఉండదు. ఖాళీలు అలాగే ఉంటాయి. చదివినవాళ్ళు ఈ ముసలాడికి బొమ్మలు రావనుకుంటారు. అనుకోనీ.

అమ్మకి చూపించు. భయమంటే కుదరదు. నువ్వు చూపించకపోతే మోకాలు ఎట్లా ఉన్నా బస్సెక్కి వచ్చి నేనే చూపిస్తాను. పచ్చడి జాడీ పంపుతున్నాను, అత్తయ్య ఇంక ఆగేట్టు లేదు.

మామయ్య

*

పర్చూరు,
7 ఏప్రిల్ 2002.

మామయ్యా,

చూపించాను.

చర్చి నుంచి వచ్చాక, ఆ తెల్లచీర మార్చుకోకముందే "అమ్మా, ఒకసారి కూర్చో" అన్నాను. మంచం మీద దుప్పటి తీసి పదహారు పుస్తకాలూ వరసగా పెట్టాను. పదిహేనింటి మీద నీ కాగితాలు పరిచాను. "మామయ్య నిన్ను తీసెయ్యలేదమ్మా, ప్రతి దాంట్లో ఉన్నావు" అన్నాను.

అమ్మ లేచి పెరట్లోకి వెళ్ళింది. మళ్ళీ వెళ్ళిపోయిందనుకున్నాను. కుళాయి చప్పుడు వినిపించింది. వెళ్ళి చూస్తే సబ్బుతో చేతులు కడుక్కుంటోంది. ఒకసారి కాదు, మూడుసార్లు. చర్మం పగుళ్ళకి ఇప్పటికీ పొద్దునా సాయంత్రం నూనె రాస్తుంది కదా, అది పోవాలని రాయి మీద రుద్దుతోంది. నా చీర చెంగు లాగి తడి తుడుచుకుంది. మంచం దాకా వచ్చి, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని నిలబడింది.

"ఇప్పుడు ముట్టుకోవచ్చా?" అంది.

యాభై మూడేళ్ళ మనిషి మామయ్యా, నన్ను కన్నమనిషి, ఆ కథలన్నీ చెప్పినమనిషి, చేతులు వెనక్కి పెట్టుకుని నన్ను అడిగింది. నేను ఆ చేతులు పట్టుకుని ఏడ్చాను. "ఊరుకోవే, పుస్తకాల మీద పడతాయి నీళ్ళు" అని నన్నే కసిరింది.

తర్వాత కూర్చుని ఒక్కొక్క పేజీ తిప్పింది. నువ్వు రాసిన ఆ కుండ దగ్గర ఆగింది. తర్వాత మొదలుపెట్టింది చూడు, నువ్వు ఇక్కడుంటే నీ చెవులు చిల్లులు పడేవి. "ఈ అన్నయ్యకి బుద్ధి లేదు. తాళం నేను కరిగించాకే తుమ్ములోడు తుమ్మాడని నేను చెబితే, తుమ్ముకే ఊడిందని రాయనిస్తాడా? ఇరవై ఏళ్ళు నా కష్టం ఆ తుమ్ములోడి ఖాతాలో వేశాడా? రానీ చెబుతా!" అంది. నా పరీక్ష కాగితాల మీది ఎర్ర పెన్ను తీసుకుంది. "రచన: బుల్లయ్య" అన్నచోట పెన్ను ఆనించి నా మొహం చూసింది. కొట్టెయ్యి అన్నాను. కొట్టేసింది. కింద తన పేరు రాసింది. నెమ్మదిగా, బైబిల్లో అక్షరాలు చూసి నేర్చుకున్న పద్ధతిలో రాసింది. పదహారుసార్లు రాసింది.

ఒకటో సంచిక అట్ట మీద ఆమె బొటనవేలి మరక పడింది. ఎంత కడిగినా ఆ పగుళ్ళలో నూనె ఎక్కడికి పోతుంది? సిలార్ చెప్పినదాన్ని బట్టి ఆ పుస్తకం ఇంకెక్కడా లేదు. మరక తుడవలేదు.

అమ్మ నీకు చెప్పమన్న మాట ఆమె నోటితోనే రాస్తున్నాను. "ఒరేయ్ అన్నయ్యా, ఆ పల్చటి కాగితాలు గాలికి లేచిపోతున్నాయి. కుంచె, ఎర్రసిరా తీసుకుని బస్సెక్కు. నన్ను పుస్తకాల మీదే గియ్యి. ఫెబా ఏమనదులే."

ఏమనను మామయ్యా. రా. కొత్త కుండ కొన్నాం, ఇసకలో పెట్టాం.

నీ ఫెబా